ఐదో గీత

పాలికా ఆఫీసుకి కొత్తగా వచ్చిన లెక్కలాయన
పుస్తకం నా మీదకి తోశాడు.
"నాలుగు సంతకాలేమిటి, ఐదోదేది?"
ఐదో గీత మీద
నా టీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంది.

అందుకని ఎక్కాను.
పన్నెండేళ్ళ కొలువులో మొదటిసారి
తిలా నది దాటి, అక్రోటు చెట్లు దాటి,
బార్లీ ఆరబోసిన మిద్దెలు దాటి
లుహార్ల వాడకి.
చంకలో మినిట్స్ పుస్తకం,
ఎడమ బూటులో ఒక రాయి.

నందకలా లుహార్, వార్డు సభ్యురాలు,
కొలిమి ముందు తిత్తి నొక్కుతోంది.
చట్టం ఆమెకో కుర్చీ ఇచ్చింది,
మేం దాన్ని తలుపు పక్కన వేశాం.
గాలికి తలుపు కొట్టుకున్నప్పుడల్లా
ఆమె మోకాళ్ళు జరుపుకునేది.
ఓటు గుర్తుల కాగితం చూసి
కొడవలికి వంపు కుదర్లేదని నవ్విందట.
సగం ఓట్లు ఆ నవ్వుకే పడ్డాయంటారు.

"ఇక్కడ పెట్టండి" అన్నాను, పెన్ను మూత తీసి.
"కూర్చో" అంది.
గడప ఇవతల, రాతి మీద కూర్చున్నాను.
ఎక్కడ కూర్చున్నానో చూసింది. ఏమీ అనలేదు.
కాలిన ఇనుము తొట్టిలో ముంచింది,
ఆ చప్పుడే కాసేపు మాట్లాడింది.

"చదువు."
"మీకు చదువొచ్చుగా?"
"వచ్చు. రాసిన నోటితోనే వినాలని."

చదివాను.
అధ్యక్షులు హిక్మత్ షాహీ గారి మలుపు దాకా కంకర.
ఆఫీసు కిటికీలకి తెరలు.
వాలీబాల్ నెట్టు, రెండు.
తెరలకి కడ్డీలు.
ఇంకొకటేదో గొణిగేశాను.
ఆరోది, ఇతరములు.

ఇతరముల దగ్గర సుత్తి ఆగింది.
"పైవాడకి కుళాయి అన్నాను. ఎక్కడ?"
"రాయలేదు."
"రెండుసార్లన్నాను."
"అప్పుడు టీ వచ్చింది."
నిజమే చెప్పాను.
అంత ఎత్తులో అబద్ధానికి ఊపిరి చాలదు.

"ఆ మీటింగు అయిపోయింది కదండీ."
"నా సిరా కూడా అయిపోయింది" అంది,
నా చేతిలో నిండు పెన్ను చూస్తూనే.

ఎండ ఎదుటి కొండ మీదకి జరిగింది.
ఆమె పని ఆమెది. ఒక పలుగు మొన తేలింది,
ఒక గొడ్డలి నోరు మూసుకుంది.
నా నాలుక పిడచకట్టుకుపోయింది.
"కాసిని నీళ్ళు…"
అన్నాక తెలిసింది
ఏమడిగానో, ఎవర్నడిగానో.
వీళ్ళ నీడ పడిన బిందెని
మా అమ్మ వాకిట్లో బోర్లించేది.
నీళ్ళు పారిన దారి ఆరేదాకా
మమ్మల్ని తొక్కనిచ్చేది కాదు.

తిత్తి ఆగింది.
లోపల్నించి ఒక పిల్ల తల ఎత్తి చూసింది.

"ఉన్నాయి. అది తెచ్చినవే.
చుక్క ఉండగా వెళ్ళింది,
బడిగంట దారిలో విన్నది.
తాగుతావా?
ముందు రాయి. తర్వాత తాగు.
దాహం తీరాక మీకు గుర్తుండవు."

రాశాను. ఏడు: పైవాడకి కుళాయి.
చెయ్యి వణికి
మా నాగరి అంకె మరీ వంగిపోయింది.
మెడ చాచి చూసింది.
"ఇది కుదిరింది, కొడవలి" అంది.

రాగి లోటా గడప మీద పెట్టింది,
చేతికివ్వలేదు.
తీసుకునేది నేనే అని కాబోలు.
నీళ్ళు పొగ వాసన.
పిల్ల నా గొంతు కదలడమే చూస్తోంది,
గుటకలు లెక్కపెడుతున్నట్టు.

సంతకం మాత్రం పెట్టలేదు.
"మంగళవారం అందరి ముందూ ఏడోది పైకి చదువు.
అప్పుడు పెడతాను.
ఆ కుర్చీ నేనే జరుపుకుంటాలే, నువ్వు మొయ్యక్కర్లేదు."

చీకట్లో దిగాను, రాయి ఇంకా బూటులోనే ఉంది.
షాహీ గారికి ఏం చెప్పాలా అని
నది దాకా ఆలోచించాను,
నది దాటాక కూడా.

లోటాడు నీళ్ళు తాగిన సంగతి
ఏ పుస్తకంలోనూ రాయలేదు.
ఇంట్లో కూడా
ఇంకా చెప్పలేదు.